ప్యాకెట్ ముందు రాగులు, వెనక మైదా

మా నాయనకు సుగర్ ఎప్పటినుంచో ఉంది. ఈసారి కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే వచ్చింది. నూనె తగ్గించండి, పీచు పెంచండి అన్నారు డాక్టర్. ఆయనకేమో సాయంత్రం టీ గ్లాసు పక్కన కరకరలాడేది ఏదో ఒకటి ఉండాల్సిందే. ఇన్నేళ్లూ నిప్పట్లు తినేవాడు, ఇప్పుడవి బంద్.

సరే, మంచి క్రాకర్ బిస్కెట్లు తెద్దామని అనంతపురం క్లాక్ టవర్ దాటాక ఉన్న ఒక సూపర్ మార్కెట్‌కు వెళ్లాను. ఒక ప్యాకెట్ మీద దోసెడు రాగులు, పక్కనే 'మల్టీగ్రెయిన్', 'బేక్డ్', 'జీరో కొలెస్ట్రాల్'. ఇంకేం కావాలి?

నాయన నాలుగు తిన్నాక అడిగాడు: "దీంట్లో రాగులు యాడున్నాయిరా?"

అప్పుడు వెనక్కి తిప్పాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. మొదట మైదా, తర్వాత పామాయిల్, ఆ తర్వాత చక్కెర. రాగి పిండి మూడు శాతం! బరువులో ఏది ఎక్కువో అదే ముందు రాయాలన్నది రూల్, కాబట్టి ఈ వరసే అసలు సంగతి చెబుతుంది. 100 గ్రాములకు కొవ్వు 19 గ్రాములు, పీచు 4.

మన దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో బిస్కెట్ల లాంటి వాటిని 'లో ఫ్యాట్' అనాలంటే 100 గ్రాములకు కొవ్వు 3 గ్రాములు దాటకూడదు. 'హై ఫైబర్' అనాలంటే పీచు కనీసం 6 గ్రాములు ఉండాలి. నిజానికి ఆ ప్యాకెట్ మీద ఈ రెండు మాటలూ ఎక్కడా లేవు. రాగుల బొమ్మ చూసి అలా అనుకున్నది నేనే.

నాకు ఒళ్లు మండింది మాత్రం 'జీరో కొలెస్ట్రాల్' చూసి. చెట్ల నుంచి తీసే నూనెలో కొలెస్ట్రాల్ ఎలాగూ ఉండదు కదా, అదేదో ఘనకార్యంలా రాసుకోవడం ఎందుకు? పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. మన రక్తంలో కొలెస్ట్రాల్‌ను పెంచేది అదే. 'బేక్డ్' కథా అంతే. నూనెలో వేయించలేదు, నిజమే. పిండిలోనే కలిపేశారు. నిప్పట్ల పిండిలో మా అమ్మ కాచిన నూనె పోసేది కూడా ఆ కరకర కోసమే. ఇక గోధుమ రంగు చూసి గోధుమ పిండి అనుకోకండి, పదార్థాల్లో 150 అంకె కనిపిస్తే అది క్యారమెల్ రంగు. ఉప్పు సంగతి ఎత్తితే ఈ పోస్ట్ తెల్లారినా అయిపోదు.

తర్వాత ఇంకో నాలుగైదు రకాలు తిప్పి చూశాను. పీచు బాగున్న దాంట్లో నూనె ఎక్కువ, నూనె తక్కువున్న దాంట్లో మైదా.

చివరికి మా వీధిలో రొట్టెలు చేసి అమ్మే అక్క దగ్గర ఎండు జొన్నరొట్టెలు తెచ్చాను. జొన్నపిండి, వేడినీళ్లు, కాస్త ఉప్పు, అంతే. జొన్నల్లో 100 గ్రాములకు పీచు 10 గ్రాముల దాకా ఉంటుంది, కొవ్వు రెండు గ్రాములకు మించదు. ఇదంతా నాయనకు వివరిస్తుంటే, "మా అమ్మ చేసిందీ ఇదేలేరా, దీనికీ లెక్కలేనా?" అని రొట్టె ఫటేల్మని విరిచి, చెనిక్కాయల పొడి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

చెనిక్కాయల్లో నూటికి నలభై దాకా కొవ్వే. ఆ లెక్క ఆయనకు ఇంకా చెప్పలేదు.