మహారాజశ్రీ పొడవుకర్ర మోటారు రంపం గారికి

నమస్కారాలు.

తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమే, మా వీధి కానుగ చెట్టు తప్ప. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో, మిట్టమధ్యాహ్నం, వానలు రాకముందే కరెంటు తీగలకు అడ్డొచ్చే కొమ్మలు తీయాలంటూ తమరు వేంచేశారు. తీగల వైపు తీశారు, సంతోషం. తీగలే లేని వైపు కూడా ఎందుకు తీశారో అడగను. ఆ నీడన కూరగాయల బండి నిలిపే ఆయన అడుగుతాడేమో, చూసుకోండి.

నేను అడిగేది ఒక్కటే. ఆ తూర్పు కొమ్మను పైనుంచి ఎందుకు మొదలుపెట్టారు?

తొడ లావు కొమ్మ. బరువంతా కొసనే. సగం తెగకముందే ఒరిగింది, పడుతూ పడుతూ మాను మీది బెరడును మూరెడు పొడవున ఒలుచుకుని పోయింది. లోపలి తెల్ల చెక్క బయటపడింది, అంచుల్లో పచ్చి పీచులు వేలాడాయి, సాయంత్రానికి చీమలు బారు కట్టాయి.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది మహాప్రభూ. మానుకు అడుగు దూరంలో, ముందు కొమ్మ కిందివైపు నుంచి మూడో వంతు లోతు గాటు. తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోత. కొమ్మ విరిగినా చీలిక ఆ గాటు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన ముక్కను మూడో కోతతో తీయాలి, అదీ కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని ముట్టకుండా, దానికి సరిగ్గా వెలుపల. గాయాన్ని కమ్ముకొచ్చే కొత్త బెరడు పుట్టేది ఆ ఉబ్బులోంచే. తమరేమో ఉత్తరపు కొమ్మను ఉబ్బుతో సహా నున్నగా చెక్కారు. పడమటి కొమ్మకు జానెడు మోడు వదిలారు, చొక్కా తగిలించుకోవడానికి కాబోలు.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో తమరి చుట్టమైన చేతి గొలుసు రంపంతోనే వేల చెట్లను నిలువునా కోసి లోపల చూశాడు. చెట్టుకు గాయం మన గాయంలా మానదని, చుట్టూ గోడలు కట్టుకుని కుళ్లును అక్కడే నిలవరిస్తుందని 1977లో వివరించాడు. మర్నాడు ఎవరో వచ్చి మా చెట్టు గాయానికి తారు పూసి వెళ్లారు. తారు కుళ్లును ఆపదు. చూసేవాళ్ల మనసుకు మాత్రం ఊరట.

తమరిని మోసిన కుర్రాడి కాళ్లకు హవాయి చెప్పులు, తలకు తువ్వాలు, కళ్లకు ఏమీ లేదు. సరిగ్గా కొమ్మ కిందే నిలబడి, తమరి పొడవుకర్ర అనే ఆ గొట్టాన్ని నిటారుగా ఎత్తాడు. అరవై డిగ్రీలు దాటి ఎత్తవద్దని, పదిహేను మీటర్ల లోపు ఎవరినీ రానీయవద్దని తమరి వెంట వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. వీధి పిల్లలంతా చుట్టూ మూగి చూశారు. పైగా తమరిది అల్యూమినియం గొట్టం, పక్కనే కరెంటు తీగ!

ఇక ఈ తమరు గిమరు నావల్ల కాదు. ఒక్క గాటు! కిందినుంచి ఒక్క గాటు పెట్టడానికి నీకు అర నిమిషం పట్టదు కదా! ఎక్కడ మునిగిపోతోందని ఆ తొందర? ఎడాపెడా నరికిన చోట గుత్తులు గుత్తులుగా చిగుళ్లు లేస్తాయి, వాటికి పట్టు ఉండదు, రేపు అవే కొమ్మలై గాలికి విరిగి తీగల మీద పడతాయి. అప్పుడు మళ్లీ నిన్నే పిలుస్తారు. నీ ఉపాధికి ఢోకా లేదులే.

నీ మీద పగేమీ లేదు. కత్తి నడుముకు కట్టుకుని మనుషులు కొమ్మ కొసలకు పాకే అవస్థ నువ్వు తప్పించావు, కాదనను. పదునూ బాగుంది.

పక్క వీధి వేప దగ్గరికి వస్తున్నావట. రా. నిచ్చెన మాత్రం తేవద్దు, నిన్ను పట్టుకుని నిచ్చెన ఎక్కకూడదు. ముందు కింద గాటు పెట్టు. నేను కుర్చీ వేసుకుని పదిహేను మీటర్ల అవతల కూర్చుంటాను.

ఇట్లు,
కానుగ ఎదురింటి మనిషి