సవరణ: మూడేళ్లకే ప్రేమ చల్లారుతుందన్న మాట తప్పు

పెళ్లయ్యాక ప్రేమ ఏమవుతుందో చెబుతూ పోయిన వారం ఒక పోస్టు రాశాను. మెదడులోని రసాయనాల ప్రభావం రెండు మూడేళ్లలో తగ్గిపోతుందనీ, తర్వాత మిగిలేది అలవాటేననీ అందులో తేల్చేశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బియాంకా అసెవెడో, ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్ తదితర పరిశోధకులు అమెరికాలో 17 మందిపై చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. వాళ్లకు పెళ్లయి సగటున 21 ఏళ్లు. మెదడు స్కానర్‌లో ఉండగా జీవిత భాగస్వామి ఫొటో చూపిస్తే, కొత్తగా ప్రేమలో పడ్డవాళ్లకు చురుకయ్యే భాగమే (కావాలనే ఆరాటం పుట్టించే డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా ఉండే భాగం) వీళ్లకూ చురుకైంది. మెసేజ్ రాకపోతే నిద్రపట్టని ఆ తొలినాళ్ల టెన్షన్ వేరు, ఇష్టం వేరు. నేను రెంటినీ కలిపేశాను.

అయితే ఆ 17 మందీ తాము ఇప్పటికీ గాఢంగా ప్రేమిస్తున్నామని చెప్పి వచ్చినవాళ్లే. అందరికీ ఇలాగే ఉంటుందని దీన్నిబట్టి అనలేం.

పోస్టు చదివి మా పిన్ని ఫోన్ చేసింది. "ఉత్త అలవాటే అయితే, మీ బాబాయ్ ఊరెళ్లిన రోజు నాకు అన్నం ఎందుకు సయించదురా?" అంది. బాబాయ్‌కి షుగరొచ్చిన రోజు నుంచి ఆవిడ కూడా చక్కెర లేని కాఫీయే తాగుతోంది. పొద్దున్నే రెండు స్టీలు గ్లాసులు పట్టుకుని ఇద్దరూ పెరటి మెట్ల మీద కూర్చుంటారు. అది చూస్తూ పెరిగినవాణ్ని అలా రాసినందుకు నిజంగా బాధపడుతున్నాను.

పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.