ఫిజిక్స్‌లో దారి చూపే మనిషి కావాలంటే ముందుగా మీ నోటుబుక్కు చూపించండి

ఇంటర్ చదివే పిల్లల నుంచి నాకు తరచుగా ఒకే తరహా ఈమెయిల్ వస్తుంటుంది: "సార్, నాకు ఫిజిక్స్ అంటే ప్రాణం, బ్లాక్ హోల్స్ మీద రీసెర్చ్ చేయాలని ఉంది, దయచేసి నన్ను గైడ్ చేయండి." డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాకే ఇన్ని వస్తుంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో గోపనపల్లిలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లోనో పనిచేసేవారికి ఎన్ని వస్తాయో ఊహించుకోవచ్చు. ఆ పిల్లల ఇష్టం నిజమైనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయినా ఆ ఉత్తరానికి జవాబు రాయడం కష్టం, ఎందుకంటే రాసినవారికి ఏది అర్థమైందో, ఎక్కడ ఆగిపోయారో అందులో ఒక్క ముక్క కూడా ఉండదు.

రెండేళ్ల క్రితం ఒక అమ్మాయి పంపిన ఉత్తరం అలాంటిది కాదు. గుమ్మం పైనున్న మేకుకు దారం కట్టి, దాని కొసన రబ్బరు బంతిని వేలాడదీసి, ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో ఇరవై డోలనాల కాలం కొలిచి, ఆ లెక్క ఉన్న పేజీని ఫొటో తీసి పంపింది. దారం 50 సెం.మీ., ఇరవై డోలనాలకు 29.2 సెకన్లు, గురుత్వ త్వరణం 9.26 మీ./సె². "9.8 రావాలి కదా సార్, గాలి నిరోధం వల్ల తగ్గిందా?" అని అడిగింది. నేను కారణం చెప్పలేదు. దారం పొడవును 90 సెం.మీ. దాకా పెంచుతూ కొలిచి, పొడవుకూ డోలన కాలపు వర్గానికీ గ్రాఫ్ గీసి, ఆ గీత మూలబిందువు గుండా పోతుందో లేదో చూడమన్నాను. మూడో రోజున జవాబు వచ్చింది. గీత మూలబిందువు గుండా పోలేదు, ఎడమవైపుకు పొడిగిస్తే పొడవు అక్షాన్ని మూలబిందువుకు 3 సెం.మీ. అవతల తాకింది. బంతి వ్యాసం కొలిస్తే 6 సెం.మీ. తాను ముడి వరకే కొలిచానని, బంతి కేంద్రం వరకు కొలవాలని తనే కనిపెట్టింది. గీత వాలు నుంచి లెక్క కడితే 9.8 దగ్గరికే వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసింది ఒక్క ప్రశ్న అడగడం మాత్రమే, మెంటార్ అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం కూడా అంతే.

ఆ ఒక్క ప్రశ్న అడిగే మనిషి నా ఇంటర్ రోజుల్లో నాకు దొరకలేదు. నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో ల్యాబ్ తలుపు ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు మాత్రమే తెరిచేవారు. ఇదే లోలకం ప్రయోగానికి సీనియర్ రికార్డు చూసి 980 సెం.మీ./సె² అని నేను రాసిన పేజీ మీద సంతకం పడింది, ఆ సంఖ్య ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. తెల్లవారుజామున మొదలై రాత్రి పది దాకా సాగే స్టడీ అవర్లలో మా లెక్చరర్లు కూడా మాలాగే నలిగిపోయేవారు కాబట్టి వారిని తప్పుపట్టలేను. పిల్లవాడు తప్పు చేసి, ఆ తప్పుతో రెండు రోజులు గడిపే తీరిక లేకుండా దినచర్య రాసినవారిని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

నిజాం కాలేజీలో చదివిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం 1928లో సి.వి. రామన్ దగ్గర పనిచేయడానికి కలకత్తా దాకా వెళ్లారు. ఈనాటి పదిహేడేళ్ల పిల్లలకు మొదటి గురువు కోసం అంత దూరం పోవలసిన పని లేదు. దగ్గరి డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులోనో, మీ వీధిలోనే ఉన్న రిటైర్డ్ లెక్చరర్ ఇంటి అరుగు మీదో ఆ మనిషి ఉండవచ్చు. ఏం పట్టుకుని వెళ్లాలో తెలియకపోతే, ముంబైలోని హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ కేంద్రం వెబ్‌సైట్‌లో ఫిజిక్స్ ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా ఉన్నాయి. అందులో ఒక లెక్కతో మూడు రోజులు కుస్తీ పట్టి, ఎక్కడ ఆగిపోయారో రాసుకుని వెళ్లండి. ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట: మొదటిసారి మీరూ వెంట వెళ్లండి, కలిసే చోటు పదిమంది తిరిగే డిపార్ట్‌మెంటు అయ్యేలా చూసుకోండి. మంచి గురువు ఎవరూ దానికి నొచ్చుకోరు. విదేశీ సీటు కోసం పిల్లల పేరుతో పరిశోధన పత్రం రాయిస్తామని డబ్బు అడిగేవారి జోలికి మాత్రం వెళ్లకండి, అక్కడ పేరు తప్ప పిల్లలది ఏదీ ఉండదు.

తోటి లెక్చరర్లను అడిగేది ఒక్కటే, నెలకు ఒక పూట ఇవ్వండి. నేను రెండో శనివారం సెలవు రోజున మా ల్యాబ్ తెరిచి కూర్చుంటున్నాను. పోయిన నెల ఒక అబ్బాయి బస్సులో వచ్చాడు, చేతిలో భూతద్దం. గదిలోని కిటికీ ప్రతిబింబాన్ని గోడ మీద పట్టి, భూతద్దం నుంచి గోడకు దూరం కొలిస్తే 11 సెం.మీ., దూరంగా ఉన్న కొండ ప్రతిబింబంతో కొలిస్తే 10 సెం.మీ. వచ్చిందట, రెండింటిలో ఏది నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) అని అడిగాడు. కటకం నుంచి కిటికీ ఎంత దూరంలో ఉందో కొలిచావా అన్నాను. కొలవలేదన్నాడు. వచ్చే రెండో శనివారం ఆ కొలతతో వస్తానని చెప్పి వెళ్లాడు.