థామస్ కప్పులో థామస్ ఎవరు?

2022 మే 15న బ్యాంకాక్‌లో కిడాంబి శ్రీకాంత్ చివరి పాయింట్ కొట్టగానే మనవాళ్లంతా కోర్టులోకి పరిగెత్తారు. గుంటూరు కుర్రాడూ, అమలాపురం సాత్వికూ ఉన్న జట్టు ఇండోనేషియాను 3-0తో ఓడించి, బ్యాడ్మింటన్‌లో దేశాల జట్లు పోటీపడే థామస్ కప్పు పట్టుకొచ్చిందని మురిసిపోయాం. ఆ థామస్ ఎవరని అడిగినవాళ్లు తక్కువే.

సర్ జార్జ్ థామస్ 1881లో ఇస్తాంబుల్ దగ్గర పుట్టిన ఆంగ్లేయుడు. ఆల్ ఇంగ్లండ్ అనే బ్యాడ్మింటన్ టోర్నీలో 21 టైటిళ్లు గెలిచాడు: సింగిల్స్‌లో 4, డబుల్స్‌లో 9, మిక్స్‌డ్‌లో 8. సింగిల్స్ నాలుగూ 1920 నుంచి 1923 దాకా వరసగా వచ్చాయి. మొదటిది గెలిచేనాటికి ఆయనకు 38 ఏళ్లు! నేటి ఆటగాళ్లు ఆ వయసుకి కోచింగ్‌లో ఉంటారు.

ఈ అంకెలు చూసి మరీ పొంగిపోనక్కర్లేదు. పేరుకి పెద్ద టోర్నీయే అయినా, అప్పట్లో ఆల్ ఇంగ్లండ్ అంటే చాలావరకు ఇంగ్లండ్, ఐర్లండ్ వాళ్లు తమలో తాము ఆడుకున్న ఆట. బిరుదూ, తీరికా ఉన్న ఇంటి బిడ్డ కాబట్టి ఆయనకు పొట్టకూటి టెన్షన్ కూడా లేదు. వింబుల్డన్‌లో టెన్నిస్ ఆడాడు. చదరంగంలో రెండుసార్లు, 1923లోనూ 1934లోనూ, బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు.

చదరంగంలో బయటివాళ్లతో తలపడ్డాడు, దెబ్బలూ తిన్నాడు. 1912లో లండన్‌లో ఎడ్వర్డ్ లాస్కర్ తన మంత్రిని బలిచ్చి థామస్ రాజును బయటికి లాగాడు. ఆ రాజు ఒక్కో గడీ దిగుతూ బోర్డు అవతలి అంచుదాకా, శత్రువు ఇంట్లోకే నడిచి అక్కడ చచ్చాడు. చదరంగం నేర్చుకునేవాళ్లు ఆ ఆటను నేటికీ ముందేసుకుంటారు, పాపం ఓడినవాడి పేరుతో సహా. 1934-35 హేస్టింగ్స్ టోర్నీలో మాత్రం అదే మనిషి మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకానూ, తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన బొత్విన్నిక్‌నూ ఓడించాడు.

నా లెక్కలో ఆయన చేసిన పెద్ద పని ఆ 21 టైటిళ్లు కాదు. 1934లో అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్య పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడయ్యాడు, 1955 దాకా ఉన్నాడు. దేశాల జట్లు పోటీపడాలని 1939లో కప్పు ఇచ్చాడు. యుద్ధం అడ్డొచ్చి మొదటి ఫైనల్ 1949లో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్‌లో జరిగింది. ఆ ఫైనల్లో ఇంగ్లండ్ లేదు. అప్పటికింకా బ్రిటిష్ పాలనలోనే ఉన్న మలయా (నేటి మలేషియాలో భాగం), డెన్మార్క్‌ను 8-1తో చిత్తు చేసి కప్పు ఎగరేసుకుపోయింది.

ఇంగ్లండ్ ఆ కప్పును నేటిదాకా ఒక్కసారీ గెలవలేదు.