మార్కుల కన్నా ముందు షరతులు చూడండి

విదేశీ చదువుకి పూర్తి ఖర్చు భరించే స్కాలర్‌షిప్‌లకు మంచి మార్కులు, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు ఉంటే చాలన్నట్టు ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. చాలామంది దెబ్బతినేది అక్కడే. నేనూ మొదటిసారి అలాగే అనుకున్నాను.

బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌నే తీసుకోండి. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కి ఇస్తారు. కనీసం 2,800 గంటల పని అనుభవం లేకపోతే మీ గోల్డ్ మెడల్‌ కూడా పనికిరాదు. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న షరతూ ఉంది. బ్రిటన్‌లోనే ఉద్యోగం చూసుకుందాం అనుకునేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి. యూరోపియన్ యూనియన్ మాస్టర్స్‌కి ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ అలా కాదు. కనీసం రెండు దేశాల్లో చదువు, ఫీజు వాళ్లదే, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. విమానం టికెట్, వీసా ఖర్చులు కూడా అందులోనే సర్దుకోవాలి. అయినా డిగ్రీ అవగానే వెళ్దామనుకునేవాళ్లకి నా ఓటు దీనికే.

ఇక సిఫారసు లేఖలు. మొదటి ఏడాది నా కొంప ముంచింది ఇవే. గడువుకి నాలుగు రోజుల ముందు మా సార్‌ని అడిగితే, "నువ్వే రాసి పంపు, సంతకం పెడతా" అన్నారు. తప్పు ఆయనది కాదు, నాదే. నా గురించి నేను రాసుకున్న పొగడ్త అచ్చం దరఖాస్తులో నేను రాసిన ఎస్సేలాగే ఉంది, ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. మరుసటి ఏడు రెండు నెలల ముందే వెళ్లి నా ప్రాజెక్టు రిపోర్టు ఆయన చేతిలో పెట్టాను. ఈసారి లేఖలో నేనే మర్చిపోయిన సంగతులున్నాయి.

అన్నట్టు, చెవెనింగ్ దరఖాస్తుకి ఫీజే లేదు. ఏజెంటు ఎవరైనా ఆ పేరుతో డబ్బడిగితే ఫోన్ పెట్టేయండి.