ఆ దేహం ఎవరి సొత్తు?
నగ్నదేహాల ఫొటోల గురించి నేను చదివిన ఒక వ్యాసం, శరీరాన్ని కెమెరా ముందు పెట్టడమే ప్రతిఘటన అన్నట్టు సాగింది. నేను ఒప్పుకోలేను. నగ్నదేహాలను కళ శతాబ్దాలుగా చూపుతూనే ఉంది. ఎవరు చూపుతున్నారు, ఏ అధికారాన్ని ఎదిరిస్తున్నారు అన్నదే అసలు సంగతి.

బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జో స్పెన్స్‌నే తీసుకోండి. 1982లో రొమ్ము క్యాన్సర్ అని తేలాక, ఆపరేషన్‌కు ముందు తన ఎడమ రొమ్ము మీద ‘జో స్పెన్స్ సొత్తేనా?’ అన్న అర్థంలో రాసుకుని ఫొటోకు నిలబడ్డారు. ఆ ప్రశ్నార్థకాన్ని చూడండి! తన ఒంటి మీద తన హక్కే అనుమానంలో పడిందన్న ఆగ్రహమంతా అందులో ఉంది. అందంగా కనిపించాలన్న తాపత్రయం మచ్చుకైనా లేదు.

దక్షిణాఫ్రికాకు చెందిన ఫొటోగ్రాఫర్ జనేలే ముహోలి దారి వేరు. 2015 నాటి స్వీయచిత్రం ‘బెస్టర్ 1’లో తల నిండా బట్టలకు పెట్టే క్లిప్పులే. ఇళ్లలో పనిచేసిన తల్లి పేరే చిత్రానికి పెట్టారు. కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) పెంచి చర్మాన్ని మరింత నల్లగా చూపారు. నలుపును దాచుకునేది లేదన్న ప్రకటన అది.

ఇలాంటివారి ఊసే లేకుండా ఆ వ్యాసంలో వెలుగునీడల సొగసు గురించే అన్నేసి పేరాలు రాయడం నాకు నిజంగా బాధ కలిగించింది.