సవరణ: పైప్ మధ్యలో భాగహారం

ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో పైప్ (ఎడమవైపు ఫలితాన్ని కుడివైపు ఫంక్షన్‌కు అందించే గుర్తు) వాడకం గురించిన గత పోస్టులో "పైప్ ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి మధ్యలో / 2 అని రాసినా వరుసలో కలిసిపోతుంది" అని ఉంది. అది సరికాదు. |> అయినా %>% అయినా గుణకారం, భాగహారం, కూడిక, తీసివేతల కంటే ముందే పనిచేస్తుంది.

ఎక్స్‌లో 1, 2, 4 ఉన్నాయనుకోండి. సమ్() వాటిని కూడుతుంది, రౌండ్() దగ్గరి పూర్ణాంకానికి సరిచేస్తుంది. ఎక్స్ |> సమ్() / 2 |> రౌండ్() అని రాస్తే 4 రావాలని మనం ఎదురుచూస్తాం. వచ్చేది 3.5. ఎందుకంటే రౌండ్ అయ్యేది భాగహార ఫలితం కాదు, ఆ పక్కనున్న 2 మాత్రమే! ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. అసలు చిక్కంతా అక్కడే.

చివర్లో / 2 పెడితే మాత్రం ఇబ్బంది లేదు, అందుకే ఈ తేడా చాలాసార్లు కంటబడదు. ఘాతం గుర్తు ^, ముందుండే మైనస్, అంకెల వరుసకు వాడే : ఈ మూడూ పైప్ కంటే ముందే పనిచేస్తాయి. కాబట్టి 1:3 |> సమ్() అంటే నిక్షేపంగా 6.

మధ్యలో భాగించాల్సి వస్తే అక్కడిదాకా బ్రాకెట్లో పెట్టండి: (ఎక్స్ |> సమ్() / 2) |> రౌండ్(). %>%ను ఇచ్చే మాగ్రిటర్ ప్యాకేజీని లోడ్ చేసుకుంటే డివైడ్_బై(2) ఉంది. గత పోస్టులో చూపిన, భాగహారం గుర్తునే ఫంక్షన్‌లా రాసే `/`(2) పద్ధతి %>%తో నడుస్తుంది. ఆర్ 4.1.0 వెర్షన్‌లో వచ్చిన |> మాత్రం దాన్ని ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. నా ఓటు బ్రాకెట్లకే, లేదంటే మధ్య ఫలితానికి ఓ పేరు పెట్టుకుని కింది లైన్‌లో భాగించడానికి.